అది నేను కాదు, ఫోను

మా మావయ్య తన జీవితంలో ఒక్క తప్పు కూడా చేయలేదు. జరిగిన తప్పులన్నీ ఆయన ఫోను చేసినవే.

ఇది నా అభిప్రాయం కాదు, ఆయనదే. పాలు పొంగిపోతే ఫోను. గొడుగు మర్చిపోతే ఫోను. ఒకరోజు చొక్కా తిరగేసి తొడుక్కుని వచ్చాడు. "ఇదేంటి మావయ్యా?" అని అడిగితే, భుజం మీది కుట్లు చూసుకుని, జేబులోంచి ఫోను తీసి దాని మొహంలోకి కోపంగా చూశాడు. "అది నేను కాదమ్మాయ్, ఫోను" అనడం, అని హాయిగా నవ్వేయడం ఆయనకి ఊపిరి తీసుకున్నంత తేలిక. మా వీధిలో అందరూ ఆయన్ని ఫోనుగారనే పిలుస్తారు. అసలు పేరు బ్యాంకువాళ్ళకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు.

మావయ్యంటే మా అమ్మకి తమ్ముడు. మాది అద్దాల షాపు. ఎవరింట్లో కిటికీ పగిలినా, ఎవరికి నిలువుటద్దం కావాలన్నా టేపు నడుముకి తగిలించుకుని వెళ్ళి, కొలిచి, ఫోనులోని నోట్సు యాప్‌లో రాసుకొచ్చే పని మావయ్యది. ఆ కొలతల ప్రకారం గాజు కోసే పని మా నాన్నది. కౌంటరు దగ్గర మొహం మాడ్చుకుని కూర్చునే పని నాది. ఆ పనికి నాకంటే తగినవాళ్ళు దొరకరని మావయ్య అందరికీ చెబుతూ ఉంటాడు.

ఆ యాప్ సంగతి కొంచెం చెప్పాలి. మనం రాసిన మాట దానికి నచ్చకపోతే కింద ఎర్రగీత గీస్తుంది. గీసి ఊరుకోదు. పైన ఇంకో మాట చూపిస్తుంది. మనం చూసుకోకుండా ముందుకి వెళ్ళామా, మన మాట పీకేసి తన మాట పెట్టేస్తుంది. మావయ్య ఎప్పుడూ చూసుకోడు. 'వంటింటి కిటికీ' అని రాస్తే 'వంటింటి కిటుకు' అయింది. 'అలమారా తలుపు' అన్నది 'అలసట తలుపు' అయింది. 'బాత్రూము అద్దం' ఏకంగా 'బాతు రోమం అద్దం' అయి కూర్చుంది. మేనకోడలినైన నన్ను 'మేకకాళ్ళు' చేసింది. 'సాయంత్రం మేకకాళ్ళకి చెప్పాలి' అని తన రాత తానే చదువుకుని, చాలాసేపు నా పాదాలకేసి చూశాడు.

ఒకసారి ఎవరో తెలిసినాయన పోయారని పలకరించడానికి బయల్దేరాడు. 'కుడివైపు ఇల్లు' అని రాసుకున్నది 'కుదురైన ఇల్లు' అయింది. ఆ వీధంతా వెతికి, ఉన్నవాటిలో కాస్త కుదురుగా కనిపించిన ఇంట్లోకి వెళ్ళి, చెప్పులు విడిచి, తల దించుకుని కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఎవరూ పోలేదు. తలుపు తీసినాయన కూడా ఏమీ అడక్కుండా ఎదురుగా కూర్చున్నాడట.

"ధైర్యం తెచ్చుకోండి. ఎవరం ఉండిపోతాం చెప్పండి?" అన్నాడట మావయ్య.

"అవునండీ" అని ఆయన కళ్ళు తుడుచుకున్నాడట. ఆయన బాధ ఏమిటో ఈయనకి తెలియదు, ఈయనెవరో ఆయనకి తెలియదు. ఇద్దరూ టీ తాగి, గుమ్మం దాకా ఒకరినొకరు ఓదార్చుకుని విడిపోయారు. అసలు చనిపోయినాయన ఇంటికి మావయ్య మర్నాడు వెళ్ళి, అక్కడ కూడా ఫోను మీదే నెపం పెట్టి వచ్చాడు.

"సెట్టింగ్సులోకి వెళ్ళి ఆ దిద్దడం ఆపేస్తాను, ఒక్క నిమిషం ఇటివ్వు మావయ్యా" అని ఎన్నిసార్లు అడిగానో.

"వద్దమ్మాయ్."

"ఎందుకు వద్దు?"

"పాపం, ఏదో సాయం చేద్దామని చూస్తోంది. చేతకాకపోతే దాని తప్పా?"

"దాని తప్పేనని పొద్దుట్నుంచీ నువ్వే కదా అంటున్నావు!"

"తప్పు దానిదే. మనసు మాత్రం మంచిది" అని ఫోను జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి కూడా వేసుకునేవాడు. ఇలాంటి మనిషితో వాదించడానికి ఓపిక కావాలి. నాకు పుట్టుకతోనే అది తక్కువ.

అప్పట్లో అయితే అసలే లేదు. మా షాపుకి ఎదురుగా ఓ భవనం గోడ ఉంది. ఎండ రాదు, గాలి రాదు. మేం అమ్మే అద్దాలన్నిటిలోనూ కనిపించేది ఆ పాచిపట్టిన గోడే. వానాకాలం వస్తే గోడ నల్లబడుతుంది, దాంతో షాపంతా నల్లబడుతుంది. నవ్వని మొహం ఒక్కటి చాలు, చుట్టూ ఉన్న అద్దాలన్నీ దాన్ని పంచుకుని గది నిండా పెట్టేస్తాయి. పోయినేడు వానల్లో మా అమ్మ పోయింది. మామూలు జ్వరమనుకున్నాం. అప్పట్నుంచి మా షాపులో ఎటు చూసినా ఏడుపు మొహాలే.

గాజు కోసే బల్ల వెనక గదిలో ఉంటుంది. పొడవాటి బల్ల, పైన మందపాటి దుప్పటి. ఈ చివర నాన్న నిలబడేవాడు, ఆ చివర అమ్మ. మావయ్య తెచ్చిన కొలత అమ్మ పైకి చదివేది. నాన్న దాన్ని తిరిగి అనేవాడు. అమ్మ "ఊఁ" అనేది. ఆ ఊఁ వినపడ్డాకే నాన్న కటర్‌ని గాజు మీద ఆనించేవాడు. ఇద్దరూ పోట్లాడుకుని మాటలు మానేసిన రోజుల్లో కూడా ఈ మూడు మాటలు మాత్రం నడిచేవి.

అమ్మ పోయాక నాన్న నోరు కట్టేసుకున్నాడు. పొద్దున బల్ల దగ్గరికి వెళ్ళేవాడు, చీకటిపడితే వచ్చేవాడు. అన్నం పెడితే తినేవాడు. బల్ల దగ్గర ఉన్నంతసేపే ఆయన నిటారుగా నిలబడేవాడు, మిగతా సమయమంతా ఎవరో మడతపెట్టి కుర్చీలో పెట్టినట్టు ఉండేవాడు. ఆ పని కూడా లేకపోతే ఈ మనిషి ఏమైపోతాడో అని నాకు భయంగా ఉండేది.

అమ్మ నిలబడే చోట ఎవర్నీ నిలబడనిచ్చేవాడు కాదు. కొలతలు తనే చూసుకుంటానన్నాడు. మావయ్య ఫోను బయటికి వెళ్ళొచ్చేసరికి ప్రాణం కళ్ళలోకి తెచ్చుకునేది, వచ్చీరాగానే కౌంటరు పక్కన ఛార్జింగుకి పెట్టాలి. నాన్న అక్కడికే వచ్చి, కొలత చదువుకుని, వెనక గదిలోకి వెళ్ళి కోసేవాడు. "కాగితం మీద రాసిమ్మంటావా బావా?" అని మావయ్య అడిగితే, "రెండంకెలు గుర్తుండవా నాకు?" అన్నాడు. చాలా రోజులకి నాన్న అన్న పూర్తి వాక్యం అది.

సరిగ్గా అప్పట్నుంచే మావయ్య ఫోను మాటలతో ఆగకుండా కొలతల మీద పడింది.

ముందు సెలూన్ అద్దం. గోడకి బిగిద్దామని తీసుకెళితే, ఉండాల్సినదాంట్లో సగానికి కాస్త ఎక్కువ ఉందంతే. కుర్చీలో కూర్చున్న మనిషికి తన ఎడమ చెవి వరకే కనిపిస్తుంది. తర్వాత పళ్ళ డాక్టరుగారి కిటికీ. గాజు చిన్నదై పక్కన జానెడు సందు మిగిలింది. కొత్త గాజు వచ్చేదాకా పేషెంట్లు నోళ్ళు తెరుచుకుని చలిగాలి మింగారు. ఆ తర్వాత ఎవరిదో పుస్తకాల బీరువా. ప్రతిసారీ నాన్న ఆ గాజు ముక్క పట్టుకుని ముందు గదిలోకి వచ్చేవాడు.

"ఒరేయ్, ఏంట్రా ఇది?"

మావయ్య బడిలో పిల్లాడిలా చెయ్యి ఎత్తేవాడు. "అది నేను కాదు బావా, ఫోను."

"ఫోనా? నీకా ఫోను కొనిచ్చిన వెధవ ఎవడ్రా?"

"నువ్వే బావా."

"అయితే బుద్ధి లేనిది నాకన్నమాట! మీ అక్క బతికుండగా ఎప్పుడైనా తప్పు కొలత తెచ్చావట్రా? నీ కళ్ళు నెత్తికెక్కాయా? నీ బుర్ర ఎవరికైనా అద్దెకిచ్చావా?" అని మొదలుపెట్టి వీధి చివరిదాకా వినపడేలా తిట్టేవాడు. మావయ్య తల ఊపుతూ, మధ్యమధ్యలో "నిజమే బావా", "అదీ నిజమే" అంటూ, పాట వింటున్న మనిషిలా నిలబడేవాడు. షాపులో కొనేవాళ్ళుంటే వాళ్ళూ నవ్వేవాళ్ళు. తిట్లయిపోయాక తప్పు కోసిన ముక్కల్ని పక్కకి తీసుకెళ్ళి, అంచులు అరగదీసి, చేతి అద్దాలు చేసి, దారినపోయే వాళ్ళకల్లా ఊరికే ఇచ్చేవాడు. మా వీధిలో జుట్టు చెదిరిన మనుషులు కనబడడం మానేశారంటే అది మావయ్య పుణ్యమే.

నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. వీధి మలుపులో ఇంకో అద్దాల షాపు ఉంది. మా షాపు ముందు ఆగి, లోపలికి తొంగిచూసి, "ఫోనుగారు కొలతలు తీస్తున్నారా ఇంకా?" అని అడిగి అటువైపు వెళ్ళిపోయేవాళ్ళని నేను కౌంటరులోంచి చూస్తూ ఉండేదాన్ని. అమ్మ ఉన్న షాపు అది. మా కళ్ళముందే కొంచెం కొంచెంగా పోతోంది. దానికి కారణం పళ్ళికిలించుకుంటూ నా పక్కనే కూర్చుని ఉన్నాడు.

ఆ సమయంలో కళ్ళజోళ్ళ షాపాయన వచ్చాడు. సన్నగా, శుభ్రంగా, ప్రతి మాటకీ ముందు గొంతు సవరించుకునే మనిషి. కొత్త షాపు పెడుతున్నాడు, గోడలనిండా అద్దాలు కావాలి. ముందు ఒక్క అద్దం చేసి చూపిస్తే, నచ్చితే మిగతావన్నీ మాకే ఇస్తానన్నాడు. అంత పెద్ద పని వచ్చి ఎన్నాళ్ళయిందో. నాన్న ఆయన ముందే మావయ్యకేసి వేలు చూపించాడు.

"ఈసారి కొలత తప్పిందంటే నువ్వీ గడప తొక్కకు."

"తొక్కను బావా."

తప్పింది. గోడకి సరిపోక తిరిగొచ్చిన ముక్క పట్టుకుని నాన్న వచ్చినప్పుడు మావయ్య చెయ్యి ఎత్తాడు, కానీ ఎప్పుడూ అనే మాట అనలేదు. నాన్న కూడా తిట్టలేదు. గుమ్మం వైపు చూపించాడంతే. మావయ్య టేపు నడుము నుంచి తీసి కౌంటరు మీద పెట్టాడు. ఫోను ఛార్జింగులోనే వదిలేశాడు. నేనేమైనా అంటానేమో అన్నట్టు ఒక్క క్షణం చూశాడు. పీడ వదిలిందనే అనుకున్నాను. చినుకుల్లో తడుస్తూ వెళ్ళిపోయాడు, ఆ రోజు కూడా గొడుగు మర్చిపోయాడు.

మర్నాడు కొలతలకి నేను వెళ్ళాల్సి వచ్చింది. మావయ్య టేపు, మావయ్య ఫోను. కళ్ళజోళ్ళ షాపాయన గోడ పక్కన నిలబడి చూస్తుంటే జాగ్రత్తగా కొలిచి, ఆయన ఎదురుగానే యాప్‌లో రాశాను. 'కళ్ళజోళ్ళ షాపు, కుడి గోడ' అని రాసి 48, 31 అని అంకెలు వేశాను. తలెత్తి మళ్ళీ చూసేసరికి 'కల్లబొల్లి షాపు, కుదురు గోడ' అని ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. చెరిపి మళ్ళీ రాశాను. మళ్ళీ కల్లబొల్లి షాపే. ఆయన తొంగి చూస్తాడేమోనని ఫోను పొట్టకి ఆనించుకుని బయటపడ్డాను.

ఆయన షాపు మెట్ల మీద నిలబడి ఇంకోసారి చూశాను. మాటలన్నీ పోయాయి. అంకెలు రెండూ రాసినవి రాసినట్టే ఉన్నాయి.

నాకేదో అనుమానం వచ్చింది. ఉత్త అంకెలే రాసి చూశాను. పెద్దవి, చిన్నవి, తిరగేసి, బోర్లించి, కావాలని అర్థంపర్థం లేనివి. ఎర్రగీత పడలేదు. ఆ యాప్ అంకెల జోలికి పోనే పోదు. దానికి మాటలంటేనే కోపం. మరి సెలూన్ అద్దం? పళ్ళ డాక్టరుగారి కిటికీ? అక్కడ తప్పింది అంకె. మావయ్యే తప్పు అంకె కొట్టి ఉంటాడు, అది ఒప్పుకోలేక ఫోను మీదికి తోసేశాడు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు తేలికగా ఉంది. అనుకుంటూనే షాపుకి నడిచాను.

ఫోను ఛార్జింగుకి పెట్టాను. నాన్న వచ్చి, కళ్ళద్దాలు సవరించుకుని పైకి చదివాడు. "నలభై ఎనిమిది, ముప్పై ఒకటి." సరిగ్గానే చదివాడు. వెనక గది వైపు నడిచాడు. గుమ్మంలో ఆగి, "ఆ తలుపు దగ్గరికి వెయ్యమ్మా, జల్లు కొడుతోంది" అన్నాడు. తలుపేసి నేనూ వెనకాలే వెళ్ళాను. నాన్న గాజు బల్ల మీద పరిచాడు. కటర్ చేతిలోకి తీసుకుని, తల ఎత్తి, బల్ల ఆ చివరకి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. అయినా ఏదో వినపడాలన్నట్టు కాసేపు అలాగే చూశాడు. తర్వాత తనలో తను గొణుక్కున్నాడు.

"నలభై ఒకటి, ముప్పై ఎనిమిది."

నా నోరు తెరుచుకునేలోపే కటర్ గీత గీసేసింది. టక్కుమని గాజు విరిగింది. నాన్న అలవాటుగా టేపు పెట్టి చూసుకున్నాడు. ఇంకోసారి చూసుకున్నాడు. ఆ తర్వాత తెల్లబోయి నిలబడ్డ నాకేసి చూశాడు. మా నాన్న కోపం నాకు తెలుసు, దిగులు తెలుసు, ఆ ఏడాదిగా మౌనం కూడా తెలుసు. ఆయన భయపడగా చూడటం మాత్రం అదే మొదటిసారి.

"ఏమ్మా... ఎంత రాశావు నువ్వు?" అన్నాడు.

అంకెలు నా నాలుక చివర ఉన్నాయి. అవి చెబితే ఆయన ఇంకేమీ అనడు. కటర్ బల్ల మీద పెట్టేస్తాడు. పెట్టి ముందు గదిలోకి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాడు, మళ్ళీ లేవడు. అదంతా నాకు ఒక్కసారిగా కళ్ళకి కట్టింది.

"అది నేను కాదు నాన్నా" అన్నాను. "ఫోను."

నాన్న గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ తర్వాత రంగు తిరిగి వచ్చింది, గొంతు తిరిగి వచ్చింది. "నీకూ పట్టుకుందీ మీ మావయ్య జబ్బు! అక్కడ కూర్చుని ఏం చేస్తున్నావమ్మా, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు? ఆ దిక్కుమాలిన ఫోనుని బావిలో పారేసే మొనగాడే లేడా ఈ కొంపలో?" నా జీవితంలో మా నాన్న నన్ను అంతసేపు తిట్టడం అదే. వింటూ నిలబడ్డాను. మధ్యలో ఒకచోట "నిజమే నాన్నా" అని కూడా అన్నాను.

సాయంత్రం మావయ్య ఉండే గదికి వెళ్ళాను. సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన ఒక్క గది. గోడకి ఎవరి కిటికీకో కోసి పనికిరాకుండా పోయిన గాజుతో చేసిన అద్దం. అందులో చూసుకోవాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి. మావయ్య మంచం మీద కూర్చుని చొక్కా గుండీ కుట్టుకుంటున్నాడు. దారం సూదిలోకి కాక అన్ని చోట్లకీ వెళుతోంది.

"ఎప్పట్నించి తెలుసు నీకు?" అన్నాను.

"ఏంటమ్మాయ్?"

"ఆ యాప్ అంకెలు మార్చదు మావయ్యా."

ఆయన సూది పక్కన పెట్టాడు.

"మార్చదా?" అన్నాడు. "ఎంత పనికిమాలిన యాప్!"

"మావయ్యా!"

"సరే సరే. అరవకు. మొదటి అద్దం అప్పుడే తెలిసింది. నేను రాసింది ఒకటి, మీ నాన్న కోసింది ఒకటి. ముక్క పట్టుకుని ముందు గదిలోకి వచ్చాడు చూడు, ఆ మొహం చూడలేకపోయాను. నోటికి వచ్చింది అనేశాను."

"డాక్టరుకి చూపించకపోయావా?"

"చూపించాను. నా కళ్ళ పరీక్షకి తోడు రమ్మని తీసుకెళ్ళి ఆయన్నే డాక్టరుకి చూపించాను. పెద్ద జబ్బేం కాదట. దిగులట. మనసు ఒకచోట నిలవడం లేదట. మనిషిని మాట్లాడిస్తూ ఉండమన్నాడు." మావయ్య మొహంలోకి మెల్లగా పాత నవ్వు వచ్చింది. "ఎలా మాట్లాడించను? వానల గురించి మాట్లాడితే పలకడు. తిండి గురించి మాట్లాడితే పలకడు. ‘ఫోను తప్పు రాసింది బావా’ అంటే గంటసేపు పలుకుతాడు! ఆ తిట్లు విన్నావా? గొంతు ఎంత ఖంగుమంటోంది! అక్క పోయాక ఆయన నోట్లోంచి వచ్చిన మాటల్లో సగం నన్ను తిట్టినవే."

"అందరూ నిన్ను చూసి నవ్వుతున్నారు మావయ్యా."

"నవ్వనీ. ఎవరో ఒకరు నవ్వాలిగా. మీ ఇద్దరి వల్లా కాదాయె."

నాకు ఏడుపు వచ్చింది, కోపం కూడా వచ్చింది. కోపమే ముందు బయటపడింది. "బల్ల దగ్గర నిలబడి నువ్వే చదివి చెప్పొచ్చుగా, అమ్మలాగా!"

"ఒకసారి నిలబడ్డాను. 'అక్కణ్ణుంచి తప్పుకో' అన్నాడు. తిట్టలేదు, మామూలుగానే అన్నాడు. మళ్ళీ నిలబడలేదు." మావయ్య ఫోను కోసం అలవాటుగా జేబు తడుముకుని, అది లేదని గుర్తొచ్చి ఊరుకున్నాడు. "నీకో సంగతి తెలుసా? 'అక్క' అని రాస్తే ఆ ఫోను 'అక్కడ' అని మారుస్తుంది. ఎన్నిసార్లు రాసినా అంతే. సర్లే, అదొక్కటి మాత్రం దిద్దకుండా వదిలేశాను."

మర్నాడు మావయ్యని షాపుకి లాక్కొచ్చాను. నాన్న చూశాడు, గడప సంగతి ఎత్తలేదు. "ఆ ఫోనుకి మీ ఇద్దరూ సరిపోయారు" అని మాత్రం అన్నాడు. అంతలో కళ్ళజోళ్ళ షాపాయన దిగాడు. ఈసారి కోసేటప్పుడు తను దగ్గరుండి చూస్తానన్నాడు. వద్దనడానికి మాకు మొహం లేదు.

అందరం వెనక గదిలోకి వెళ్ళాం. నేను ఫోను వైరు పీకి చేత్తో పట్టుకెళ్ళాను. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, ఆ చివర నిలబడ్డాను. నాన్న తల ఎత్తాడు. మావయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఈ ఫోనుని నమ్మలేం నాన్నా" అన్నాను, ఆయన ఏమీ అనకముందే. "నేను గోడ దగ్గర కొలిచింది నాకు గుర్తుంది. ఇందులో ఉన్నదానితో సరిచూసి, పైకి చెబుతాను. నువ్వు తిరిగి అను. లేకపోతే ఇది మళ్ళీ ఏం చేస్తుందో."

నాన్న ఏదో అనబోయాడు. ఈలోగా కళ్ళజోళ్ళ షాపాయన గొంతు సవరించుకున్నాడు.

"క్షమించాలి. నాకు తెలిసినంతవరకు ఆ స్పెల్ చెక్కు మాటల్నే మారుస్తుందండీ. అంకెల్ని మార్చదు. మా ఇంట్లోనూ ఇదే యాప్. అంటే మరి, తప్పు ఎవరో..."

నేను మావయ్యకేసి చూశాను, మావయ్య నాకేసి చూశాడు. ఆయన చెయ్యి పైకి లేవబోయి సగంలో ఆగింది. ఇక అంతా అయిపోయిందనుకున్నాను.

నాన్న కటర్ తుడుచుకుంటున్నాడు. తుడవడం పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు.

"మార్చదా? మా ఫోను మారుస్తుందండీ" అన్నాడు. "మాది వేరే రకం."

"అదెలా సాధ్యమండీ? సెట్టింగ్సులో ఆపేస్తే..."

"ఆపకండి. పాపం, మనసు మంచిది."

అని మావయ్యకేసి చూశాడు. బావమరిదిని తిట్టకుండా అంతసేపు చూడటం ఈ మధ్య అదే మొదటిసారి. మావయ్య ఉన్నట్టుండి పైకప్పు పరిశీలించడం మొదలుపెట్టాడు. నాన్న గాజు వైపు తిరిగి, స్కేలు సర్దుకుని, బల్ల మీదికి వంగాడు.

"ఊఁ, చెప్పమ్మా. గట్టిగా చెప్పు, మీ అమ్మ ఇలా నసిగేది కాదు."

"నలభై ఎనిమిది. ముప్పై ఒకటి."

"నలభై ఎనిమిది. ముప్పై ఒకటి" అన్నాడు నాన్న. కటర్ గాజు మీద పెట్టకుండా ఆగాడు.

ఎందుకు ఆగాడో నాకు వెంటనే తట్టలేదు. గుమ్మంలోంచి మావయ్య కళ్ళు పెద్దవి చేసి, పెదాలు బిగించి, తల కిందికీ పైకీ ఊపుతున్నాడు.

"ఊఁ" అన్నాను.

గాజు శుభ్రంగా విరిగింది. కొలత సరిపోయింది. కళ్ళజోళ్ళ షాపాయన గోడలన్నీ ఇప్పుడు మా అద్దాలే. మావయ్య ఫోను చూసి ఆయనకి రాసిచ్చిన రసీదు మీద మాత్రం కల్లబొల్లి షాపనే ఉంది. ఆయన దాన్ని తిరిగి తీసుకొచ్చి చూపిస్తే, మేం ముగ్గురం ఒకేసారి చెయ్యి ఎత్తాం.